రెండో రకమైతే మాత్రలు మానేయొచ్చట!

ఈ రోజు ఆదివారం. కోపం చల్లారకముందే రాస్తున్నాను. చల్లారితే మర్యాదగా రాసేస్తాను.

పొద్దున ఎమ్మిగనూరులో నా పాత శిష్యురాలిని చూడడానికి వెళ్లాను. మగ్గం నేస్తుంది, ఇప్పుడు ఐదో నెల గర్భిణి. ఆమెకున్నది హెచ్.ఐ.వి. రెండో రకమని ఆదోని ఆసుపత్రిలో తేలింది. పేరు రాయను, మిగతాది రాయమని ఆమే చెప్పింది. మాత్రలు మానేసిందని విని అదిరిపడ్డాను. మాన్పించినవాడు ఆమె బావ, మందుల షాపు నడుపుతాడు. అక్కడే కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

“ఒకటో రకం పెద్దమ్మవారు, రెండోది చిన్నమ్మవారు పోసిన మాదిరి టీచరమ్మా, దానంతటదే దిగిపోతాది. బిడ్డకు సోకేది తక్కువ, ముదిరేది నిదానం. నేనే ఆపమని సెప్పినా,” అన్నాడు.

“నిదానంగా పోయే బస్సు కూడా ఆదోని చేరతాది కదప్పా! తక్కువంటే అసలు లేదని నీకు యాడ సెప్పినారు?” అన్నాను.

మీసం దువ్వుకున్నాడు. ఒకటో రకానికి వాడే కొన్ని మందులు రెండోదానికి పనిచేయవు. అందుకే డాక్టర్లు రకం చూసి మాత్రలిస్తారు. ఇది కూడా తెలియకుండా అంత మీసం ఎలా పెంచాడో!

మీ వీధిలోనూ ఇలాంటి పండితుడుంటే ఈ మాట అతనికి చెప్పండి. ఇక జరగాల్సినవి:

1. రేపు తొలి బస్సుకు ఆమెను నేనే ఆదోని తీసుకెళ్తాను. మాత్రలు మళ్లీ ఎలా మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి.
2. ఆమె భర్త పరీక్ష చేయించుకోవాలి.
3. బిడ్డ ఆరోగ్యంగా పుట్టాలి. చూడడానికి బావగారు కూడా రావచ్చు. సలహాలు మాత్రం చెప్పులతో పాటు బయటే విడిచి రావాలి.