మా కారు సెన్సర్లకు శుక్రవారం జబ్బు

ఇరవై ఏళ్లు గుడివాడ నుంచి పామర్రు బడికి బస్సులో నిలబడి వెళ్లాక కారు కొనుక్కున్నాను. దాని వెనక బంపర్‌లో నాలుగు సెన్సర్లు. రివర్స్ చేస్తున్నప్పుడు ఏదైనా అడ్డొస్తే కూత పెట్టాలి. మా కారు వెనక ఈగ లేకపోయినా కూసేది.

బందరులో సర్వీస్ సెంటర్‌కు రెండుసార్లు తీసుకెళ్లాను. అక్కడ ముందు కారు శుభ్రంగా కడిగి, తర్వాత కంప్యూటర్ తగిలించి చూసేవారు. రెండుసార్లూ ఏ లోపమూ దొరకలేదు. టై కట్టుకున్న పెద్దమనిషి, కారు నాదైనా, మాట మాత్రం మావారితోనే ఆడాడు.

"సెన్సర్లు బాగానే ఉన్నాయి సార్. మేడమ్ గారే రివర్స్‌లో కాస్త కంగారు పడుతున్నారేమోనండి."

మావారు గంభీరంగా తలాడించారు. గుమాస్తాగా రిటైరైన ఆయన జీవితంలో తొక్కింది సైకిల్ ఒక్కటే. స్టీరింగ్ గురించి అభిప్రాయాలకు మాత్రం కొదవ లేదు.

ఉత్తుత్తి కూతలకు అలవాటుపడి నేను వినడం మానేశాను. ఒక శుక్రవారం సాయంత్రం మా గేటు స్తంభాన్నే గుద్దాను.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వరస. సోమవారం నుంచి బస్సెక్కు," అని మావారు కారు తాళం బీరువాలో పెట్టేశారు.

ఏడుపొచ్చింది. ఆయన చూస్తారని ఏడవలేదు. మళ్లీ ఆ బస్సులో ఒంటికాలి మీద నిలబడడం నావల్ల కాదు.

ఎప్పుడెప్పుడు కూసిందో గుర్తుచేసుకున్నాను. కడిగి తెచ్చిన రోజు నోరెత్తదు. శుక్రవారం రాగానే మళ్లీ మొదలు. అంటే కడిగితే పోయేదేదో వాటి మీద ఉంటోంది. ఎనిమిదో తరగతికి ప్రతిధ్వని పాఠం చెప్పే సైన్సు టీచర్‌ని, ఇంతమాత్రం తట్టడానికి మూడు నెలలు పట్టింది. నా చదువు తగలెయ్య.

ఆదివారం పొద్దున, కారు కదపనని ఒట్టేసి తాళం తీసుకున్నాను. హ్యాండ్ బ్రేక్ లాగి, స్విచ్ తిప్పి, రివర్స్ గేరు వేసి, దిగి కారు వెనకవైపుకు నడిచాను. కూత మొదలైంది. సెన్సర్ మీద వేలు ఆనిస్తే గరుకుగా తగిలింది. గోకితే గోట్లోకి పసుపు పెచ్చు వచ్చింది, మధ్యలో కుంకుమ. నాలుగింటికీ అంతే. ఇన్నాళ్లూ నా కంటి ముందే ఉంది. కారుకు బొట్టు లేకపోతే మాకు వింతగానీ, ఉన్న బొట్టును ఎవరు చూస్తారు?

సెన్సర్ పంపిన శబ్దం వెళ్లి దేనికో తగిలి తిరిగి రావాలి. ఇక్కడ గడప దాటకముందే పసుపుకు తగులుతోంది.

పచ్చటి వేలు ఆయనకు చూపించాను.

"శుక్రవారం పూజయ్యాక నేనే పెడుతున్నా," అన్నారు నెమ్మదిగా. "అవి దాని కళ్లు కదా. నిన్ను చల్లగా చూస్తాయని."

కళ్లలో పసుపు కొట్టి చల్లగా చూడమన్నారన్నమాట. మద్దెల ఓడే. చిల్లు పెట్టిన చెయ్యే నాకు సామెత చెప్పింది.

తడిగుడ్డతో నాలుగూ తుడిచాను. ఒట్టు గట్టున పెట్టి, ఆయన చూస్తుండగానే రివర్స్ చేశాను. స్తంభం దగ్గరికొచ్చాకే కూసింది. సోమవారం కారులోనే బడికి వెళ్లాను.

ఇప్పుడు శుక్రవారం బొట్టు స్టీరింగ్‌కు పెడుతున్నారు. దాన్ని తిప్పే మనిషికి చెప్పాల్సిన మాట మాత్రం ఇంకా నోట్లోంచి రాలేదు.