తదితరులు లేని ఫోటో

ధన్య ఫోటో తీసేటప్పుడు నవ్వమని అడగదు, పేరు చెప్పమని అడుగుతుంది. చెన్నై పెరంబూరులో సీమంతం కానీ, షష్టిపూర్తి కానీ, ఉద్యోగ విరమణ సభ కానీ, ఆమె పద్ధతి ఒకటే. గ్రూప్ ఫోటో పడగానే ఎవరినీ కదలొద్దంటుంది. ఫోన్లో రికార్డింగ్ నొక్కి, ఎడమ చివర మొదలుపెట్టి కుడి చివరిదాకా వరస వెంట నడిచిపోతుంది. ఎవరి పేరు వాళ్ళే పైకి చెప్పాలి. "అటెండెన్స్ టీచరమ్మ వచ్చేసింది" అని జనం ఆట పట్టిస్తారు. పట్టించనీ! ఇరవై ఏళ్ళలో ఒకరి పేరు ఇంకొకరి కింద పడిందని ఆమె మీద ఒక్క ఫిర్యాదు లేదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, దానికి కారణం ఒక మాట. ధన్య వాళ్ళ నాన్న మునిరత్నం రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అక్కడి తెలుగువాళ్ళు నాటకాలు వేస్తే తెర వెనక నిలబడి మాటలు అందించేవాడు. ఒకసారి వాళ్ళ సంఘం వేసిన సంచికలో ఆ నాటకంవాళ్ళ ఫోటో పడింది. కింద ముందు వరసలోని నలుగురి పేర్లు, ఆ తర్వాత 'తదితరులు' అని ఉంది. ఏడేళ్ళ కూతురికి మునిరత్నం ఆ మాట మీద వేలు పెట్టి చూపించాడు. "ఇదిగో, ఈడుండా నేను" అన్నాడు.

పిల్ల నమ్మేసింది. అచ్చులో తన నాన్న పేరు అదే అనుకుంది. మర్నాటి నుంచి ఏ పేపరు తెరిచినా నాన్నే! మంత్రిగారి సభలో నాన్న, గుడి కుంభాభిషేకంలో నాన్న, క్రికెట్ బహుమతుల దగ్గరా నాన్నే. ఆ ముక్కలన్నీ కత్తిరించి బడికి పట్టుకెళ్ళింది. టీచరు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి ఆ మాటకి అర్థం చెప్పింది, తరగతి మొత్తం గొల్లుమంది. ధన్యకి కోపం క్లాసు మీద రాలేదు, నాన్న మీదా రాలేదు. ఆ మాట మీద వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

అలాంటి మనిషికి పోయిన నెల ఆంధ్ర స్నేహ మండలి స్వర్ణోత్సవం ఫోటో పని దొరికింది. ఎగిరి గంతేసింది. ఎనభై నాలుగు మంది, నాలుగు వరసలు, సంచికలో రెండు పేజీల నిండా ఒకే ఫోటో! కార్యదర్శి నరసింహంగారు యాభై ఏళ్ళుగా ముందు వరసలో కుర్చీ వదలని మనిషి. ఫోటో తీయడం అయ్యాక ఆయన చాలా తేలిగ్గా, "ముందు వరస పేర్లేసి మిగిలినోళ్ళకి తదితరులని పెట్టెయ్యి ధన్యమ్మా, సరిపోద్ది" అన్నాడు.

సరిపోదంది ధన్య. ఎనభై నాలుగు పేర్లూ తానిస్తానంది. ఆయన నవ్వి షరతు పెట్టాడు. రేపు సాయంత్రం ఐదింటికి ప్రెస్సులో పేజీలు మూసేస్తారు. ఆలోపు ఒక్క పేరు తక్కువైనా ముందు వరస తప్ప అందరూ తదితరులే. ధన్య సరేనంది. అనేశాక ఒళ్ళంతా హుషారు.

మర్నాడు పొద్దున్నే ఇంట్లో కూర్చుని లెక్క చూసుకుంది. ముఖాలు ఎనభై నాలుగు, రికార్డింగులో గొంతులు ఎనభై మూడు. మళ్ళీ విన్నది, ఎనభై మూడే. ఎవరు తప్పారా అని వరస వరసా పోల్చుకుంటే, మూడో వరసలో ఏడో మనిషి. నశ్యం రంగు చీర, పెద్ద బొట్టు, డెబ్భై అయిదు దాటిన ఆవిడ. ధన్య రెండో వరసలో పేర్లు పట్టుకుంటూ ఉండగానే ఆటో వచ్చిందని మెల్లగా జారుకుందని తర్వాత తెలిసింది.

ఆవిడ ముఖం ఒక్కటీ కత్తిరించి మండలి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఇంకేముంది, టపటపా జవాబులు! ఒకటా రెండా, ముప్పై. ముప్పై మందీ ఒకే మాట: "మన కిట్టు వాళ్ళమ్మ." ఆవిడ చేతి పులిహోర తిననివాళ్ళు లేరు, ఆవిడ పురుడు పోయని ఇల్లు లేదు. పేరు మాత్రం ఒక్కరికీ తెలీదు. రైల్వే క్వార్టర్సులో ఆవిడ పక్కింట్లో ముప్పై ఏళ్ళు ఉన్న వరదయ్యకి ఫోన్ చేస్తే, పేరడిగే పని ఎప్పుడూ పడలేదని ఆయన సిగ్గుపడ్డాడు. కొడుకు కిట్టు ఫ్యాక్టరీ షిఫ్టులో ఉన్నాడు, ఫోన్ ఎత్తడం లేదు, ఆవిడకేమో ఫోనే లేదు. 'కిట్టు తల్లి' అని వేసేద్దామని నరసింహంగారి సలహా. అది పేరు కాదని ధన్య ఫోన్ పెట్టేసింది.

అప్పటికి మూడున్నర. వరదయ్య చెప్పిన తిరువొత్తియూరు అడ్రసు చేతి మీద రాసుకుని పరుగెత్తింది. బేసిన్ బ్రిడ్జి స్టేషన్లో రైలు మారేటప్పుడు చెప్పు తెగింది. తెగిన చెప్పు సంచిలో పడేసి, ఒంటి చెప్పుతోనే ఎక్కేసింది. ఇల్లు పట్టుకునేసరికి నాలుగూ ముప్పై అయిదు. ఆవిడ గడపలో కూర్చుని మునగాకు దూస్తోంది.

ధన్య ఆయాసపడుతూనే విషయమంతా చెప్పి పేరడిగింది. ఆవిడ చేతిలో రెమ్మ ఆగిపోయింది.

"ఏ పేరు మే? రేషన్ కార్డులో ఉండేదా, నాదా?"

"మీదే పెద్దమ్మా" అంది ధన్య.

ఆవిడ మెల్లగా చెప్పుకొచ్చింది. వెంకటగిరి నుంచి పదిహేడేళ్ళకి కాపురానికి వచ్చింది. అత్తగారిదీ తనదీ ఒకే పేరు. కోడల్ని పిలిస్తే అత్తని పేరు పెట్టి పిలిచినట్టవుతుందని రెండో రోజే పేరు మార్చి కోమల అన్నారు. కార్డుల్లోకి అదే ఎక్కింది. కిట్టు పుట్టాక ఆ పేరూ పోయింది.

"చూడామణి" అంది ఆవిడ, ఎవరైనా వింటారేమోనన్నట్టు లోపలికి ఒకసారి చూసి. "మా అన్న పోయినాక ఎవురూ పిలవలా."

నాలుగూ యాభైకి ధన్య గడప మీద నుంచే ప్రెస్సుకి ఫోన్ చేసింది. చూడామణి అని అక్షరం అక్షరం చెప్పి రాయించింది. ఎనభై నాలుగూ నిండాయి! ఆనందం పట్టలేక పెద్దమ్మకి మునగాకంతా తానే దూసిపెట్టింది.

సంచికలు పంచే ఆదివారం హాలంతా సందడి. ఎవరి పేరు వాళ్ళు వెతుక్కుంటున్నారు, పక్కవాళ్ళకి చూపించుకుంటున్నారు. ఇంతలో కిట్టు సంచిక పట్టుకుని నరసింహంగారి మీదికి వచ్చాడు. యాభై అయిదేళ్ళ మనిషి, నెమ్మదస్తుడు, ముఖం ఎర్రబడిపోయింది.

"ఎన్న సార్ ఇది? మా అమ్మ ఫోటోకి మా అవ్వ పేరేసినారే? మా అవ్వ పోయి ముప్పై ఏళ్ళాయె!"

నరసింహంగారికి చెమటలు పట్టాయి. చచ్చిపోయినావిడ పేరు స్వర్ణోత్సవ సంచికలో! అందుకే తదితరులు వేద్దామన్నానని ధన్యని నాలుగు మాటలని, జేబులోంచి పెన్ను తీశాడు. ఉన్న కాపీలన్నిట్లో ఆ పేరు కొట్టేసి పంచుదామన్నాడు. ధన్య అసలు సంగతి చెప్పబోయి ఆగింది. ఆ పేరు ఆవిడది. చెప్పుకుంటే ఆవిడే చెప్పుకోవాలి.

గోడవారన కుర్చీలో కూర్చున్న పెద్దావిడ లేచి వచ్చింది. నరసింహంగారి చేతిలోంచి సంచిక తీసుకుంది.

"కొట్టేయొద్దు నాయనా. తప్పు లేదు. అది నా పేరే."

ఆవిడ సంచిక కిట్టు ముందు విప్పి, మూడో వరసలో ఏడో పేరు మీద వేలు పెట్టింది.

"ఇదిగో, ఈడుండా నేను."

ధన్య మెడలో కెమెరా ఉంది. ఎత్తాలన్న ధ్యాసే లేదు. నాన్న వేలే కనిపించింది, ఏడుపొచ్చేసింది.