నీళ్లు లేని ఒడ్డున ఓబళప్ప పార్కు

మా ఓబళప్ప మామకు ఒకటే పిచ్చి. చుక్క నీళ్లు లేని ఏటి ఒడ్డున పార్కు కట్టాడు. కట్టి ఊరుకున్నా బాగుండేది. ఏట్లోకి దిగబోయే ప్రతి మనిషినీ ఆపి, "జాగర్త, లోతుండాది" అని చెప్పందే వదిలేవాడు కాదు. మోకాలి దాకా ఇసుక తప్ప ఏమీ కనబడక వచ్చినవాళ్లు ఆయన ముఖం చూసేవాళ్లు, తర్వాత మా ముఖాలు చూసేవాళ్లు. మాకు మాత్రం ఏం తెలుసు?

ఆ కరువు రోజుల్లో కర్ణాటకలోని నాగలమడిక పక్కన ఉత్తర పినాకిని ఏరంటే ఇసుకే. శెనక్కాయ వేయడం, మబ్బుల కోసం చూడటం, విత్తనమైనా తిరిగి రాలేదని తిట్టుకోవడం, ఇదీ మా సేద్యం. బోర్లు ఎండిపోయాక ఆడవాళ్లు ఏట్లో ఇసుక తోడి చెలమలు తీసేవాళ్లు. వాటిలో ఊరిన నీళ్లను చిప్పతో కడవలోకి ఎత్తుకుంటేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. కింది ఊళ్లో లారీలు దిగి ఇసుక ఎత్తుకుపోయాక అక్కడి చెలమలు ఒట్టిపోయాయి. ఆ లారీలు ఇటు వస్తే మన గతేమిటని మా ఊరి ఆడవాళ్లకు ఒకటే గుబులు.

సరిగ్గా అప్పుడే మామ బెంగళూరులో ఒక పెళ్లికి వెళ్లి, చెరువు గట్టున పార్కు చూసి వచ్చాడు. మర్నాడే పని మొదలు. మా వైపు ఒడ్డంతా నిట్టనిలువు, ఏట్లోకి బండి దిగే రేవు ఒక్కటే. దానికి అడ్డంగా రాతి స్తంభాలు, మా వాడుకలో కూసాలు, వరసగా పాతించాడు. వాటి వెనక బండలతో బెంచీలు వేసి, పక్కన కానుగ మొక్కలు నాటాడు. "పిల్లలను నీటి దగ్గర ఒంటరిగా వదలరాదు" అని కన్నడంలో బోర్డు కూడా పెట్టించాడు.

మాకు బొత్తిగా అంతుబట్టనిది ఇంకొకటి ఉంది. ఆ రేవులో బండి దించే పని ఊరంతటికీ ఆయనొక్కడికే. ఆయన చేను ఏటికి అవతల ఉంది.

"నీ బండి యాడ పోతాది మామా?" అని అడిగాను.

"చుట్టు తిరిగి పోతాది. పార్కులోకి ఎద్దుల బండి వస్తే బాగుంటాదా అల్లుడా?"

మేతకు శెనక్కాయ కట్టె వేసుకుని బండి రోడ్డు వంతెన మీదుగా చుట్టి ఇల్లు చేరేసరికి ఎద్దులకు నురగలు వచ్చేవి. ఆయన భార్య అంజనమ్మ పార్కు పేరెత్తితే చాలు, చాట తీసుకుని లోపలికి వెళ్లిపోయేది.

కూసాల మధ్య మనుషులు దూరడానికి పెట్టిన గేటు కొలత మరీ విచిత్రం. చెలమ నుంచి వస్తున్న రంగక్కను కడవ చంకన పెట్టుకున్నట్టే నిలబెట్టి, ఆమెకు ఇటూ అటూ గీతలు గీశాడు.

"అట్ల తిరుగు రంగక్కా. ఇప్పుడు ఇట్ల."

"నన్ను గూడా పాతిపెడతావా ఏంది మామా?"

"ఉండుమ్మా, గేటు తప్పుతాది."

ఆ గీతల మీదే రెండు కూసాలు నిలబెట్టాడు. బెంగళూరులో గేట్ల కొలత ఇలాగే తీస్తారా అని అడిగితే, తాను వెళ్లేసరికే అక్కడ గేటు పెట్టేసి ఉందన్నాడు.

ఒక రోజు పొద్దున్నే ఇసుక లారీ రానే వచ్చింది. చెలమల దగ్గర ఆడవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. డ్రైవరు దిగి కూసాలను చూసి బుర్ర గోక్కున్నాడు.

"పెద్దాయనా, దారికి అడ్డం ఈ రాళ్లేంది?"

"రా నాయనా, కూచో. ఇది పార్కు." మామ అతన్ని చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టాడు. "దీని చరిత్ర పెద్దది. పూర్వం, అంటే పోయిన ఉగాదికి..."

"పార్కా? నీళ్లు యాడ?"

"ఈ యేడు ఇంకా రాలే. పొద్దు గుంకేటప్పుడు ఈడ కూచుంటే నీళ్లు ఎర్రగా కనపడతాయి. ఆ చివరి కూసం దోనె కట్టేసేదానికి."

డ్రైవరు ఏటిని చూశాడు, బోర్డు చదివాడు, మళ్లీ ఏటిని చూశాడు. "ఇది సర్కారు వాళ్లదా?"

"బోర్డు ఉండాది కదప్పా."

"మరి దిగాలంటే ఎవురిని అడగల్ల?"

"నీళ్లు రానీ, అడుగుదాం. దిగితే మాత్రం జాగర్త, లోతుండాది."

కూసాలు పీకితే ఎవరితో తంటా వస్తుందో అతనికి తేలలేదు. గేటుకేసీ లారీకేసీ నాలుగుసార్లు చూపు తిప్పి, తల పట్టుకుని, బండిని రివర్సులోనే రోడ్డెక్కించాడు. లారీ మళ్లీ మా వైపు రాలేదు.

దుమ్ము అణిగాక మామ పక్కన కూలబడ్డాను. "ఇదంతా లారీ కోసమేనా మామా? ముందే చెప్తే మేమూ వచ్చి రాళ్లు మోసేవాళ్లం కదా."

"దారి మూసినానంటే కొట్లాటకొస్తారు. పార్కు అంటే నవ్వి పోతారు," అన్నాడు మామ, కానుగ మొక్క చుట్టూ పాదు సరిచేస్తూ. "నా బండి దిగతా ఉంటే, వాళ్ల లారీని ఏ మొగం పెట్టుకోని ఆపేది?"

ఇంత కాలం ఆయన్ని చూసి ఎగతాళిగా నవ్విన నవ్వు ఇప్పుడు ముద్దుగా మారింది. "అయితే ఆ దోనె మాట ఉత్తదే కదా," అన్నాను.

"ఉత్తదేంది? నీళ్లొస్తే దోనె రాదా?" అని మామ కోపంగా చూశాడు. నేను మళ్లీ అయోమయంలో పడ్డాను.

అంతలో రంగక్క ఖాళీ కడవతో వచ్చి, తన కొలతకు పెట్టిన గేట్లో నుంచి సులువుగా దూరింది. లారీ డ్రైవరుతో మామ మాట్లాడినదంతా ఆమె విన్నది.

"జాగర్త, లోతుండాది," అన్నాడు మామ.

ఎప్పుడూ మూతి తిప్పుకుని వెళ్లే రంగక్క ఆగింది. "అట్లనే మామా," అని చీర కుచ్చెళ్లు మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ ఆ ఎండు ఇసుకలోకి దిగింది.