రోజా ఉండాను

మొన్న ఆత్మకూరు బస్టాండు పక్క సందులో ఎవరో చెక్క గరిటెను ఆకురాయితో రుద్దుతున్నారు. ఆ గరగర వినగానే, బస్సు తప్పిపోతుందని తెలిసీ అక్కడే నిలబడిపోయాను. ఉదయగిరిలో గ్రేసమ్మ టీచర్ ఇంట్లో కూర్చుంటే పొద్దస్తమానం వినిపించేది ఆ చప్పుడే. పక్కింటి ఖాసింబీ చెక్క గరిటెలు చేసి బతికేది.

గ్రేసమ్మ టీచర్ మాకు తెలుగు చెప్పేది, కథలు రాసేది. తను చూడని కష్టం గురించి ఒక్క వాక్యం రాసేది కాదు, రాసినవాళ్లను బతకనిచ్చేదీ కాదు. కాలేజీలో ఉండగా నేనొక కథ తీసుకెళ్తే మొదటి పేజీ దగ్గరే ఆగిపోయింది.

"ఆకలి మంటల్లో మాడిపోయింది అని రాసినావే, ఆ మాడు వాసన ఎప్పుడన్నా చూసినావా?"

"లేదు టీచర్."

"మరెందుకే ఈ సోకు? నాలుగు దినాలు నాతో తిరుగు. నోరు మాత్రం తెరవబాక."

అట్లా తిరుగుతూ ఒక మధ్యాహ్నం గిన్నెలో పులుసన్నం పెట్టుకుని ఖాసింబీ ఇంటికి వెళ్లాం. ఆమె చేతిలో పని పక్కన పెట్టి నవ్వింది. "నేను రోజా ఉండాను టీచరమ్మా. మీతో వచ్చిన ఈ బిడ్డకు పెట్టండి." టీచర్ గిన్నె అక్కడే ఉంచి, గరిటెల గిరాకీ గురించి కాసేపు మాట్లాడి లేచింది.

బయటికి రాగానే నేను ఆగలేకపోయాను. "రంజాన్ ఎప్పుడో పోయింది కదా, ఇప్పుడు రోజా ఏంది టీచర్?"

"పొయ్యి రాజేయని దినం ఆమె రోజా ఉంటాది. ఉపవాసమంటే జనం దండం పెడతారు, పస్తంటే జాలి పడతారు. ఆమెకు జాలి పడదు."

ఇంటికొచ్చి కథంతా తిరగరాశాను. మొత్తం 'రోజా ఉండాను' అన్న ఆ ఒక్క మాట మీదే నిలబడింది. ఒక పత్రికవాళ్లు వేసుకుంటామన్నారు. నా కాళ్లు నేల మీద నిలవలేదు. టీచర్ చదివి కళ్లజోడు తీసింది.

"బాగుండాది. ఇంత బాగా నేను కూడా రాయలా." మళ్లీ మొదటి పేజీకి తిప్పి అడిగింది. "ఇది అచ్చయినంక, ఆమె రోజా ఉండానంటే ఈ ఊళ్లో ఎవరు నమ్ముతారే?"

"పేరు మారుస్తాను."

"పేరు మార్చు, వీధి మార్చు. గరిటెలు తీసేసి బుట్టలు పెట్టు. ఆ మాటను దేంతో మారుస్తావు?"

నాకు తిక్క రేగింది. "చూసిందే రాయమన్నది మీరు కాదా? చూపించి, ఇప్పుడు నోరు కుట్టుకోమంటే ఎట్లా? మనం దాస్తే ఆ పస్తు ఎవరికి తెలుస్తుంది?"

"నేనే అన్నాను. అదే నాకూ తెగట్లా," అంది. తిడుతుందనుకున్నాను. ఆమె కాగితాలు మడిచి నా చేతిలో పెట్టింది. గోడవతల ఆకురాయి ఆడుతూనే ఉంది.

మర్నాడు పత్రికకు ఫోన్ చేసి కథ వెనక్కి తీసుకున్నాను. టీచర్ మీద కోపంతో వారం రోజులు ఆ ఇంటి ముఖం చూడలేదు.

ఇప్పుడు టీచర్ లేదు, ఖాసింబీ కూడా పోయింది. నేను సీతారామపురం మెట్టల నుంచి అనంతసాగరం దాకా తిరిగి, చూసిందే రాస్తూ వచ్చాను. మంచి వాక్యం దొరికితే సంతోషం కంటే ముందు భయమేస్తుంది. ఇది ఎవరి చాటు? దీన్ని లాగేస్తే ఆ మనిషి ఎక్కడ నిలబడాలి? కొన్ని కొట్టేశాను, కొన్ని ఉంచాను. ఉంచినవి సరైనవేనని ఒట్టేసి చెప్పలేను. ఖాసింబీ లేదు కదా అనుకుని ఇవాళ ఇది రాసేశాను. కానీ ఆ మాట ఆమె ఒక్కదానిదేనా? ఆ వీధిలో ఈ పూట ఎవరు రోజా ఉన్నారో నాకేం తెలుసు?