ఓడినవాళ్ల రచయిత

ఈ దేశానికి కట్టుబట్టలతో వచ్చానని ప్రతి సభలోనూ చెప్పుకునే ఒక విలేకరి, ఓడిపోయినవాళ్ల నిజజీవితాలను పుస్తకాలుగా రాసి పేరు సంపాదించాడు. పేదల ఇళ్లకు వెళ్లేటప్పుడు అరిగిన చెప్పులు వేసుకుంటాడు, సభలకు మెరిసే బూట్లు. ఎదుటివాళ్లు కష్టం చెప్పుకుంటుంటే తల పక్కకు వాల్చి "అయ్యో, పాపం!" అంటూనే, రికార్డర్ నడుస్తోందో లేదో ఓరకంట చూసుకుంటాడు. తనలాగే వలస వచ్చి, మూతపడబోతున్న దుకాణంలో ఒంటరిగా పోరాడుతున్న ఒక దర్జీ మీద ఏడాదిగా రాస్తున్నాడు. ఒకరోజు ఆ దర్జీ సంబరంగా ఫోన్ చేశాడు.

"సార్, ఓనరు దిగొచ్చాడండీ! షాపు ఖాళీ చెయ్యక్కర్లేదట!"

"ఇప్పుడా చెప్పేది?" అని మనవాడు విసుక్కున్నాడు. "చివరి అధ్యాయంలో మూసేయించేశాను కదయ్యా!"

అధ్యాయం మారలేదు. పుస్తకానికి బహుమతి కూడా వచ్చింది. ఆ సభలో, దర్జీ తన దుకాణానికి చివరిసారి తాళం వేసే ఘట్టం చదువుతూ మనవాడు కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు అతని ఒంటి మీదున్న కోటును ఆ పొద్దున్నే, అదే దుకాణంలో, అదే దర్జీ, పొట్ట దగ్గర కుట్లు విప్పి వదులు చేసి ఇచ్చాడు.