వినేవాళ్లు మారిన బండి

నిన్న సూరత్‌లో ఉధనా సిగ్నల్ దగ్గర నా పక్కన ఒక టెంపో ఆగింది. డ్రైవరు ఫోను స్పీకరులో ఎవరో ఆడమనిషి మాట్లాడుతోంది. మాటలు తెలియలేదు, గరగరమనే గొంతు మాత్రం వినిపించింది. మల్లేశం మామ గుర్తొచ్చాడు.

మామ మా గల్లీవాడే, సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చినవాడు. బట్టల తాన్లు మోసే టెంపో తోలేవాడు. పాటలు ఎంత గట్టిగా పెట్టేవాడంటే, బండి కంటే ముందు పాటే మలుపు తిరిగేది. కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయి, ఆయన శవాల బండికి డ్రైవరయ్యాడు. శవం వెంట ఎవరినీ రానివ్వని రోజులవి. మావాళ్లలో, పోయినవారిని అమ్మా, అవ్వా అని వరస పెట్టి పిలుస్తూ, వాళ్లు చేసినవన్నీ చెప్పుకుంటూ ఆడవాళ్లు శోకం పెడతారు. అది వినకపోతే పోయినవాళ్లకు ముందుకెళ్లే తొవ్వ దొరకదని పెద్దల నమ్మకం. అందుకే మామ పోయినవాళ్ల ఇంటి ఆడవాళ్ల శోకాన్ని ఫోనులో రికార్డు చేసుకుని, దారంతా బండిలో వినిపించేవాడు. మనిషి లేని వీధిలో ఒక్క ఆడగొంతు ఏడుస్తూ వెళ్తుంటే జనం కిటికీలు మూసుకునేవాళ్లు.

"ఏంది మల్లేశం, నీ పాటల డబ్బా అమ్ముకున్నవా?" అని పక్కింటి సత్తవ్వ ఒకసారి మేడ మీంచి దెప్పింది.

"డబ్బా ఉన్నదక్కా. ఇనేటోళ్లు మారిండ్రు," అన్నాడు మామ.

ఒక మధ్యాహ్నం మా బాపమ్మ ఇంట్లోనే పోయింది. అమ్మానాన్నలు జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నారు. శోకం పెట్టాల్సింది నేనే. నలుగురిలో పేరు అడిగితేనే చెప్పలేనిదాన్ని, శోకం ఎలా ఎత్తుకోవాలో కూడా తెలియనిదాన్ని. నేను నోరు తెరవకపోతే బాపమ్మ ఏమీ వినకుండానే వెళ్లిపోతుంది. మామ గుమ్మం అవతలి నుంచి ఫోను చాపాడు. తెల్ల కిట్టులో కళ్లు తప్ప ఏమీ కనబడటం లేదు.

"నాకు రాదు మామా."

"రాగమెందుకు బిడ్డా? ఏమని పిలుస్తవో గదే పిలువు. నీకేం వెట్టిందో చెప్పు."

"బాపమ్మా" అన్నాను. జొన్నరొట్టె మీద కారం, నూనె రాసి పెట్టేదానివి అన్నాను. కరెంటు పోతే నా పక్కన కూర్చుని విసిరేదానివి అన్నాను. అక్కడితో ఆపేశాను.

బాపమ్మను ఎక్కించుకుని బండి కదిలింది. నాలోంచి విడిపోయిన నా గొంతు గల్లీ చివర "బాపమ్మా" అంది. మామ తల వెనక్కి తిప్పి, "మలుపొచ్చింది, జర పట్టుకో అవ్వా," అనడం కూడా వినిపించింది.

మర్నాడు మామ వచ్చి, "మంచిగ చెప్పినవు బిడ్డా. శ్మశానం గేటు దాకా నీ శోకం ఒడువలే, నడుస్తనే ఉన్నది," అన్నాడు.

"రిపీట్ పెట్టినవా మామా?"

"ఒక్కసారే పెట్టిన."

"నేను చెప్పింది రెండు ముక్కలే గదా."

"నువ్వు ఆపినవు గావచ్చు. ఇనేటామెకు ఆగలే."

మామ ఊరికే మాటలు కల్పించే మనిషి కాదు. తర్వాత నేనెప్పుడూ ఆ సంగతి తిరిగి అడగలేదు. ఇప్పుడు ఇంట్లో ఎవరు బయల్దేరినా గుమ్మం దాకా వెళ్లి, వరస పెట్టి, పైకే పిలుస్తాను. వాళ్లు మెట్లు దిగిపోయాక కూడా నా గొంతు వాళ్ల వెనకే దిగుతున్నట్టు వినిపిస్తుంది. అది ఆగేదాకా తలుపు వేయను.