కోన దాటని గింజ

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, వేసవి చివర్లో నేను చేసిన ఈ ప్రయాణానికి ఒక వాదం కారణం. ముద్దనూరు నుంచి పులివెందుల పోయే బాటలో ఒక కోన ఉంది. చుట్టూ తుమ్మ, బలుసు, జిల్లేడు. కోన లోపల మాత్రం ఏడాది పొడుగునా పచ్చటి పెద్దచెట్లు. అరమైలు దూరంలోని పక్క కోనలోనూ అదే ఊట, అదే నీడ. కానీ ఆ చెట్లు లేవు. "ఇది అమ్మవారు నాటింది, అది నాటలేదు" అని ప్రొద్దుటూరు సభలో ఒక పెద్దమనిషి నా నోరు మూయించాడు.

సైన్సు చెప్పే మిత్రుడొకడు పడమటి కనుమల వాన అడవుల్లో తిరిగినవాడు. "చెట్టుకు చోటు సరిపడాలి, ఆ చోటికి గింజ చేరాలి. ఆ అడవుల్లో వాన ఒకటే, నేల ఒకటే అయినా, దూరం పోయేకొద్దీ చెట్ల గుంపు మారిపోతుంది. పక్క కోనకు గింజ ఎందుకు చేరలేదో చూసి రా" అన్నాడు.

ఉదయం ఆరున్నరకు ప్రొద్దుటూరులో బస్సెక్కాను. జమ్మలమడుగులో దిగి, ఇడ్లీ తిని, ఎనిమిదింటికి పులివెందుల బస్సు పట్టుకున్నాను. పక్క సీటులో ముసలి బట్టల వ్యాపారి, ఒక సాయిబు. నేను పోయే చోటు చెప్పగానే నవ్వు ఆపేశాడు.

"ఆ కోనకా? లోపల పండు ఎంతన్నా తినొచ్చు సామీ. గింజ మాత్రం బయటికి రాగూడదు. దాని పీచు పండ్ల సందున ఇరుక్కున్నా ఇడ్సిపెట్టదంట ఆయమ్మ." కాసేపటికి బోసినోరు చూపించి, "నాకు పండ్లే ల్యాకపాయె, నన్నేం జేస్తాది!" అన్నాడు.

పదింటికి దిగి కొండకింది పల్లెకు నడిచాను. దారి చూపమంటే ఎవరూ రాలేదు. చివరికి ఓబులేసు అనే గొర్రెల కాపరి లేచాడు. "నేనొస్తా. నాకూ ఆడ పనుంది."

పనేమిటో అతని ఇంట్లో తెలిసింది. ఎనిమిదేళ్ల కూతురు లచ్చుమమ్మ నాలుగు రోజులుగా చలిజ్వరంతో పడి ఉంది. కళ్లు తెరుస్తోంది, తండ్రిని గుర్తుపట్టడం లేదు. నెల కిందట ఆ పిల్ల అడిగిందని కోన పండొకటి పంచెలో చుట్టుకొచ్చాడట. ఆమె చీకి పడేసిన గింజ జాలాట్లో, స్నానం నీళ్ల తడికి, జానెడు మొలకెత్తింది. ఊరంతా ఆ మొలకనే చూపిస్తోంది.

నాకు కావలసిన రుజువు అదే! చోటు దొరికింది, గింజ చేరింది, మొలిచింది. కానీ పిల్ల ఊపిరి విన్నాక మొలక మాట మరిచాను. "పన్నెండు గంటల బస్సుకు పులివెందుల ఆసుపత్రికి పోదాం, లే" అన్నాను.

"మొలక యాడిది ఆడ పెట్టి రానీ సామీ. లేకుంటే ఏ సూదీ పన్జేయదు. నీతో నేను రాను, పాపనూ పంపీను."

వాదించాను. అరిచాను. నేను అరిచినకొద్దీ అతని మొహం కొండలా బిగిసింది. తర్వాతి బస్సు మూడింటికి. అదే ఆఖరుది.

పిల్లను అవ్వకు అప్పగించి కోనలోకి దిగాం. పదడుగులకే ఎండ పోయింది. మెడ మీద చెమట చల్లబడింది. ఊట పక్క బురదలో వెడల్పాటి పాదాల గుర్తులు.

"ఎలుగ్గొడ్డు. పొద్దునే నీళ్లు తాగిపోయిండాది. మాట్లాడొద్దు" అని గొణిగాడు.

చెట్ల కింద కోడిగుడ్లంత గింజలు రాలి ఉన్నాయి. ఏ పిట్టా, ఏ ఎలుగూ మింగలేదు, ఏ గాలీ ఎత్తలేదు. మోసుకుపోగలిగింది మనిషి ఒక్కడే. ఓబులేసు మొలకను పాతి, నేలకు తల ఆనించి ఏడ్చాడు. నేను పొద్దు చూస్తున్నాను. ఆ పిల్ల పోతుందేమోనని అతన్ని భుజం పట్టి లేపాను.

కోన వాకిట ఒక బండ. అక్కడ పంచె దులిపి, నోరు పుక్కిలించి, గింజ లేదని అమ్మవారికి అరచేతులు చూపాలి. "నువ్వూ దులుపు సామీ" అన్నాడు. దులిపాను. బస్సుకు ఆలస్యమవుతుందని దులిపానని రాద్దామనుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం భయం.

మూడింటి బస్సు అందింది. పులివెందుల చేరేదాకా పిల్ల నా ఒళ్లో కాలుతూనే ఉంది. డాక్టరు సూది వేసి, "జ్వరం మెదడుకెక్కుతోంది. పొద్దుటి బస్సుకే ఎందుకు తేలేదు?" అని నన్నే కసిరాడు. "రాత్రి గడిస్తే చూద్దాం."

సత్రంలో నిద్ర పట్టలేదు. తెల్లారి వెళ్లేసరికి లచ్చుమమ్మ, "నాయనా, సంగటి" అని అడుగుతోంది.

ఓబులేసు నా చేతులు పట్టుకున్నాడు. "సూస్తివా సామీ! మొలక ఆడ పెడ్తిమి, ఈడ జరం ఇడిసె."

"అది సూది మందు, ఓబులేసూ."

"సూదిని ఈడికి తెచ్చింది ఎవురు? ఆయమ్మే గదా! నువ్వు గూడా దులుపుకుంటివి!"

వార్డులోని వాళ్లంతా తలలూపారు.

తొమ్మిదింటి బస్సులో తిరుగు ప్రయాణం. మిత్రుడికి చెప్పవలసిన జవాబు దొరికింది. నీరూ నీడా ఆ చెట్లను బతికించాయి. అరమైలును దాటలేని దూరంగా చేసింది మన భయం. కానీ ఆ సంతోషం జమ్మలమడుగు దాకా కూడా నిలవలేదు. లచ్చుమమ్మ బతికిన కథ ఈపాటికి పల్లె చేరి ఉంటుంది, అందులో సాక్షి నేను. రేపు ఇంకో బిడ్డకు జ్వరం వస్తే ఆ తండ్రి ముందు కోనకే పోతాడు. ఆ బిడ్డ అంతసేపు ఆగగలదా?